సీసా మీది తొమ్మిది

చిన్నతల్లి మా వీధికి చేపలు తెచ్చే మనిషి. శ్రీకూర్మానికి దిగువన, సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. నేను ఆ దగ్గర్లో ఉన్న హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా పేరు పద్మకుమారి. పదేళ్లుగా ఆమె దగ్గరే చేపలు కొంటున్నా, ఆమెకో తమ్ముడున్నాడని గానీ, ఆ తమ్ముడి కోసం ఆమె రోజూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతుకుతోందని గానీ నాకు నాలుగేళ్ల కిందటి దాకా తెలీదు.

ఒక మధ్యాహ్నం బేరాలన్నీ అయ్యాక స్కూలుకే వచ్చింది. గంప గేటు బయట పెట్టి, చేతులు కడుక్కుని, స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నీకు గీతల అంకెలు వస్తాయేటి?"

"గీతల అంకెలేమిటి?"

కొంగు ముడి విప్పి ఒక ఖాళీ గాజు సీసా తీసింది. బొటనవేలంత ఉంది. దాని మీద ఇంగ్లీషులో మందు పేరు, పక్కన VIII అని ఉన్నాయి.

"ఇదేటో సెప్పు."

"ఎనిమిది."

ఆమె నా మొహంలోకి అలాగే చూసింది. "ఇట్టే సెప్పీసినావు. అది నాకు రాకపోబట్టి మా తమ్ముడి కాలు వంకరయిపోనాది."

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

వాళ్లమ్మకి ముగ్గురు పిల్లలు. చిన్నతల్లి పెద్దది. ఆమె తర్వాత పుట్టిన మగపిల్లాడు ఐదేళ్లప్పుడు పరిగెత్తుతూ పడి నాలుక కొరుక్కున్నాడు. నెత్తురు ఆగలేదు. పసుపు అద్దారు, కాఫీ పొడి అద్దారు, అమ్మవారికి మొక్కారు. రెండో రోజు సాయంత్రానికి పిల్లాడు పోయాడు. ఎందుకు పోయాడో ఎవరికీ తెలీలేదు. చాలా ఏళ్లకి వెంకీ పుట్టాడు. వాడికి ఏడేళ్లప్పుడు పాలపన్ను ఊడి నెత్తురు ఆగకపోతే, అప్పటికే పెళ్లయి కాపురం చేసుకుంటున్న చిన్నతల్లి పసుపు డబ్బా జోలికి పోలేదు. వాణ్ని భుజాన వేసుకుని బస్సెక్కి విశాఖపట్నం వెళ్లింది. అక్కడ తెలిసింది జబ్బు పేరు. హీమోఫీలియా. నెత్తురు గడ్డకట్టదు.

అక్కడి డాక్టరు ఆమెకి అర్థమయ్యేలా చెప్పాడట. నెత్తురు గడ్డకట్టాలంటే ఒంట్లో కొన్ని సరుకులు వరసలో నిలబడి, పెద్దవల లాగే మనుషుల్లా ఒకరి వెనక ఒకరు పట్టు పట్టాలి. వాటికి పేర్లకి బదులు నంబర్లు పెట్టారు. వెంకీ ఒంట్లో తొమ్మిదోవాడు లేడు. దెబ్బ తగిలినప్పుడల్లా ఆ తొమ్మిదోవాణ్ని సూదిమందులో పెట్టి బయటి నుంచి పంపించాలి.

తల్లి పోయాక వెంకీ అక్క దగ్గరే పెరిగాడు. చిన్నతల్లి మొగుడు లక్ష్ముడు సముద్రం మీదికి వెళ్లేవాడు. బావమరిదిని ఒక్క రోజు కూడా పడవ ఎక్కనివ్వలేదు. వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు గట్టు దిగుతూ మోకాలు మెలిపడింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. మూడు రోజులు సూదిమందు ఎక్కించారు. మోకాలు తగ్గకపోగా తాటిపండంత అయింది. నాలుగో రోజు చిన్నతల్లి వాణ్ని విశాఖ తీసుకెళ్లింది. ఎందుకైనా మంచిదని వాడి పారేసిన సీసా ఒకటి ఏరి కొంగున కట్టుకుంది.

డాక్టరు సీసా చూసి తల పట్టుకున్నాడు. "ఇది ఎనిమిదో నంబరు మందమ్మా. ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువమందికి ఎనిమిదే కావాలి. మీవాడికి తొమ్మిది. ఎనిమిది ఎన్ని సీసాలు పోసినా మీవాడికి నీళ్లతో సమానం."

"నేను పక్కనే ఉన్నాను టీచరమ్మా," అంది చిన్నతల్లి. "మూడు రోజులూ ఆ సీసాలు నా కళ్లముందే ఇప్పినారు. నాకు మామూలు అంకెలు వచ్చు. మూడో తరగతి సదివినాను. ఫోను నంబర్లు సదువుతాను, కాటా సదువుతాను. ఇయి మాత్రం తాటికమ్మల దడి లాగ అగుపడినాయి గానీ, అంకెలని ఎరగను."

నేను ఒక కాగితం మీద ఒకటి నుంచి పది దాకా వరసగా రాసిచ్చాను. పక్కన మామూలు అంకెలు వేశాను. అరగంట పని కూడా కాదనుకున్నాను. ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లింది.

మూడు రోజుల తర్వాత వచ్చి, "వచ్చేసినాయి, అడుగు" అంది. V రాశాను, ఐదంది. VII రాశాను, ఏడంది. నేను మురిసిపోయి, ఊరికే, XI అని రాశాను.

"తొమ్మిది," అంది ఆలోచించకుండా.

నేను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది. ఆమె అంకెలు నేర్చుకోలేదు, బొమ్మలు గుర్తుపెట్టుకుంది. ఒక గీత, ఒక గుణకారం గుర్తు కనిపిస్తే తొమ్మిది. ఏది ముందో ఏది వెనకో నేను చెప్పనేలేదు.

"ఇది పదకొండు," అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. "ఇలా చదివితే మళ్లీ అదే జరుగుతుంది."

చిన్నతల్లి మొహం నల్లబడింది. "రెండిట్లోనూ అయ్యే గీతలు కదా టీచరమ్మా! ఒకటి తొమ్మిదేటి, ఒకటి పదకొండేటి? ఎవుడు సేసినాడు ఇలాగ?"

ఆ రోజు ఆఖరి పీరియడ్ నాకు ఖాళీ. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. పెద్ద అంకెకి కుడివైపు చిన్నది ఉంటే కలపాలి, ఎడమవైపు ఉంటే తీసెయ్యాలి అని చెప్పాను. కుడి, ఎడమ అంటే ఆమె తడబడింది. గింజలు పెట్టి చూపించాను. ఆమె ఆ గింజల్ని అటూ ఇటూ జరిపి చూసుకుంది. తర్వాత X మీద వేలు పెట్టి నెమ్మదిగా అంది.

"అయితే ముందర నిలబడ్డోడు తినీసినోడు. ఎనకాల నిలబడ్డోడు తెచ్చినోడు."

"అంతే."

"ఆ ముక్క మొదలే సెప్పొచ్చు కదా!"

ఆ తర్వాత ఆమెని ఎవరూ ఆపలేకపోయారు. చేపలకి ఐసు వేసే తెల్లటి థర్మోకోల్ పెట్టె మీద మార్కరుతో రాసేది. రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాసేది. "ఏటే ఆ గీతలు, సేతబడేటి?" అని లక్ష్ముడు ఎగతాళి చేసేవాడు. ఒకసారి శ్రీకూర్మంలో బట్టల కొట్టు గడియారం చూసి నా దగ్గరికి తగువుకి వచ్చింది. "నాలుక్కి ఐదు ముందర ఒక గీతన్నావు. ఆ గడియారం మీద నాలుగు నిలువు గీతలున్నాయి. నువ్వు తప్పా, గడియారం తప్పా?" ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. గడియారాల మీద నాలుగు అలా ఉంటుందని నేనెప్పుడూ గమనించలేదు.

సీసాల మీద అచ్చు కూడా ఒకేలా ఉండదని ఆమే కనిపెట్టింది. కొన్నిటికి గీత తలమీదా కాళ్లకిందా అడ్డగీతలుంటాయి. కొన్ని బోడిగా ఉంటాయి. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. అన్నీ రాయించుకుంది నా చేత. వెంకీకి ఆ తర్వాత రెండు మూడుసార్లు మందు పడింది. ప్రతిసారీ సీసా చేతిలోకి తీసుకుని చదివాకే సూది పొడవనిచ్చింది.

నిరుడు ఫిబ్రవరిలో ఒక సోమవారం జరిగిందిది. నేను అక్కడ లేను. చిన్నతల్లి, వెంకీ, తర్వాత ఆ ఆసుపత్రి నర్సు చెప్పినవన్నీ కలిపి చెబుతున్నాను.

వెంకీ అప్పటికి సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. పొద్దున్న పదింటికి షట్టరు ఎత్తుతుంటే అది సగంలో జారి నెత్తి మీద పడింది. గాయం లేదు, నెత్తురు లేదు. చిన్న బొప్పి కట్టింది. వాడు పట్టించుకోకుండా పనిలో కూర్చున్నాడు. ముప్పావుగంటకి తలనొప్పి మొదలైంది. ఇంకాసేపటికి వాంతి అయింది. పక్కకొట్టు అతను చిన్నతల్లికి ఫోన్ చేశాడు. లక్ష్ముడు సముద్రం మీద ఉన్నాడు. ఆమె చేపలు ఎవరికో అప్పగించి, ఆటో పట్టుకుని వచ్చింది.

విశాఖ డాక్టరు ఒక్క మాట పదేపదే చెప్పి ఉన్నాడు. తలకి దెబ్బ తగిలితే ముందు మందు, తర్వాతే స్కానింగూ ఇంకేదైనా. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కూడదు.

దగ్గర్లోని ఆసుపత్రికి చేరేసరికి పదకొండున్నర దాటింది. అప్పుడే హైవే మీద ప్రమాదమై ఏడెనిమిది మందిని తెచ్చారు. వరండా అంతా ఏడుపులు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఉదయభాస్కర్ విశాఖలో ఇచ్చిన వెంకీ జబ్బు కార్డు చూశాడు, కళ్లలో టార్చి వేసి చూశాడు. "ఫ్యాక్టర్ వెంటనే ఇవ్వండి, తర్వాత స్కాన్" అని కాగితం మీద గబగబా గీకి, కార్డు జేబులో పెట్టుకుని, నెత్తురు కారుతున్న వాళ్ల వైపు పరిగెత్తాడు. ఏ నంబరో రాయలేదు.

సిస్టర్ ట్రే పట్టుకుని వచ్చింది. వెంకీ చేతికి అప్పటికే సెలైన్ సూది గుచ్చి ఉంది.

"సిస్టరమ్మా, ఆ సీసా ఒకసారి సూపించు," అంది చిన్నతల్లి.

"ఏం చూస్తావమ్మా? టైం లేదు."

"సూపించు తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

ఆవిడ విసుగ్గా సీసా తిప్పింది. ఒక ఐదు. దాని వెనకాల మూడు గీతలు.

"ఇది ఎనిమిది. మావోడికి తొమ్మిది."

"ఫ్యాక్టరంటే ఫ్యాక్టరే. మా వార్డులో అందరికీ ఇదే వేస్తున్నాం."

"అందరికీ ఏసుకో. ఈడికి వొద్దు."

"నువ్వేం చదువుకున్నావు?"

"మూడు."

సిస్టర్ సీసా మూత తీయబోయింది. చిన్నతల్లి వెంకీ చేతి మీద, సూది ఉన్న చోట, తన అరచెయ్యి కప్పేసింది. సిస్టర్ గట్టిగా అరిచింది. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి లోపలికి వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలోమాటా అన్నారు. పేషెంటు చచ్చిపోతుంటే ఈ గొడవేమిటని ఎవరో తిట్టారు.

వెంకీ కళ్లు మూసుకునే అన్నాడు. "అక్కా... తల పగిలిపోతన్నాది. ఏదోటి ఏయించియ్యే..."

ఆ మాటకి ఆమెకి అనుమానం పుట్టింది. ఒకవేళ తనే తప్పు చదివిందేమో? ఆ భయం ఒక్కసారి లేచిందంటే ఇంకేదీ కనపడలేదని నాతో చెప్పింది. దడిలాంటి గీతలు మళ్లీ దడిలాగే కనిపించాయట. ఇది తప్పయితే తమ్ముణ్ని తన చేత్తోనే చంపినట్టు.

ఒక చెయ్యి సూది మీద నుంచి తియ్యకుండానే, రెండో చేత్తో ట్రేలోని పెన్ను లాక్కుంది. మంచం మీది దుప్పటి మీద రాయడం మొదలుపెట్టింది. ఒక గీత. రెండు. మూడు. ఐదు ముందర ఒకటి. ఐదు. ఐదు వెనకాల ఒకటి. ఐదు వెనకాల రెండు. ఐదు వెనకాల మూడు. అక్కడ ఆగి సీసా వైపు చూసింది. అదే. ఎనిమిదోది. తర్వాత పది ముందర ఒకటి రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.

"ఇది కావాలి," అంది సెక్యూరిటీ మనిషితో. "ఆ డాక్టరు బావుని పిలిసి ఇది సూపించండి. ఆయన గూడ ఎనిమిదే ఎయ్యమంటే అప్పుడు నన్ను ఈడ్చుకుపొండి."

ఆ మనిషి ఏమనుకున్నాడో, వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చాడు. ఉదయభాస్కర్ గ్లవ్స్ నిండా నెత్తురుతో వచ్చాడు. దుప్పటి చూశాడు. గ్లవ్స్ ఊడదీసి, జేబులోంచి కార్డు తీసి చూశాడు. సీసా చూశాడు.

"సిస్టర్, ఆపండి. ఈమె చెప్పింది కరెక్టు. నాదే తప్పు, నేను నంబరు రాయలేదు. స్టోరు నుంచి తొమ్మిది తెప్పించండి."

"వార్డులో లేదు సార్."

ఆయనే స్టోరుకి పరిగెత్తాడు. వెంకీని సెక్యూరిటీ మనిషికి అప్పగించి, చిన్నతల్లి ఆయన వెనకే పరిగెత్తింది. స్టోరులో జగన్నాధం అనే పెద్దాయన రిజిస్టరు తిరగేశాడు.

"తొమ్మిదో నంబరు మందు సున్నా ఉంది సార్. పోయిన నెల్లోనే అయిపోయింది. పంపమని పైకి రాశాం."

"సరిగ్గా చూడండి."

"రిజిస్టర్లో సున్నా ఉంది సార్."

డాక్టరు గోడకి చెయ్యి ఆనించాడు. "విశాఖ పంపాలి. అంబులెన్సు వచ్చి, అక్కడికి చేరేసరికి ఎంత లేదన్నా రెండున్నర గంటలు."

చిన్నతల్లి ఆ మాటలు వింటూనే మందులు పెట్టే గాజుతలుపు ఫ్రిజ్ ముందుకి వెళ్లింది. ఎవరూ ఆమెని వద్దనలేదు. గాజు మీద చెమ్మ పట్టి ఉంటే కొంగుతో తుడిచింది. పై అర నుంచి చదువుతూ వచ్చింది. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. రెండో అరలో ఇంకేవో మందులు. కూర్చుని చూస్తే కింది అరలో, మూలకి, వేరే పెట్టెల వెనకాల మూడు చిన్న డబ్బాలు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. పైకి కనిపిస్తున్న డబ్బా మీద పది, దాని వెనకాల ఒకటి. XI.

పదకొండు. పదకొండు మావాడికి పనికిరాదు. లేచి వెళ్లిపోబోయింది.

అప్పుడు ఆ గీతల దగ్గరే అచ్చువేసిన తేదీ కంటబడింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకి రావు. అవి ఏ వైపు తిరిగి ఉన్నా ఆమెకి ఒకటే. కానీ మామూలు అంకెలు వచ్చు. తేదీలో ఏడు తలకిందులుగా ఉంది. రెండు తలకిందులుగా ఉంది. అంకెలు బోర్లాపడితే, గీతలు మాత్రం నిటారుగా ఎందుకుంటాయి?

"బావూ! ఆ డబ్బా తిప్పండి!"

"ఏ డబ్బా?"

"కిందది! మూలది! తలకిందులుగా ఉన్నాది. తిప్పండి బావూ!"

జగన్నాధం వంగి, పెట్టెలు పక్కకి తోసి, ఆ మూడిటినీ తీసి నిలబెట్టాడు. పది ముందర ఒకటి. కళ్లజోడు సవరించుకుని గడువు తేదీ చూశాడు. ఇంకా ఏడాది ఉంది. అంతకుముందు వారం ఆయన సెలవులో ఉన్నప్పుడు వచ్చిన సరుకు అది. ఎవరో లోపల తోసేసి, రిజిస్టర్లో ఎక్కించడం మర్చిపోయారు.

ఆ మందు పొడి రూపంలో ఉంటుంది. నీళ్లు కలిపాక గట్టిగా కుదపకూడదు. రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తూ కరిగించాలి. సిస్టర్ అలా దొర్లించి కరిగించడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టింది. వెంకీ అప్పటికి పిలిస్తే ఊఁ అనడం మానేశాడు. సూదికి సిరంజి తగిలించబోయే ముందు ఆవిడ ఆగి, సీసాని చిన్నతల్లి కళ్ల ముందు పెట్టింది.

"చూసి చెప్పమ్మా."

చిన్నతల్లి చదివింది. మళ్లీ చదివింది.

"తొమ్మిది. ఎయ్యి తల్లీ."

మందు లోపలికి పోయాక స్కాన్ తీశారు. తలలోపల నెత్తురు చేరింది గానీ కొద్దిగానే. మిగతా రెండు డబ్బాలూ ఐసుపెట్టెలో పెట్టి, అంబులెన్సులో విశాఖ పంపారు. డాక్టరు ఉదయభాస్కర్ ఆ పెట్టె మీద తన చేత్తో పెద్ద 9 రాశాడు. విశాఖలో పదకొండు రోజులున్నారు. ఆపరేషను అక్కర్లేకపోయింది. మూడో రోజున వెంకీ కళ్లు తెరిచి, కొట్టుకి తాళం వేశారా అని అడిగాడట. లక్ష్ముడు ఒడ్డుకి వచ్చి సంగతి విని, అలాగే తడిబట్టలతో బస్సెక్కాడు. ఇప్పటికీ వెంకీకి అప్పుడప్పుడు ఎడమవైపు తలనొప్పి వస్తుంది. కొట్టు నడుపుతున్నాడు. షట్టరు మాత్రం పక్కకొట్టు అతనే ఎత్తుతాడు.

తర్వాత ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు చిన్నతల్లిని పిలిపించి, ఫిర్యాదు ఏమైనా రాసిస్తావా అని అడిగాడు. నన్ను తోడు రమ్మంటే వెళ్లాను. సిస్టర్ తలుపు దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది.

"ఫిర్యాదేటి బావూ, నా తమ్ముడు బతికినాడు," అంది చిన్నతల్లి. "ఒక్క పని సెయ్యండి. ఆ గీతల పక్కన మామూలు అంకె రాయించండి. ఎనిమిదైతే ఎనిమిది, తొమ్మిదైతే తొమ్మిది. పెద్దది. సదువురానోళ్లకి గూడ కంటికి ఆనేటట్టు."

రాయించారు. ఇప్పుడు ఆ ఫ్రిజ్‌లో ఎనిమిది, తొమ్మిది పెట్టే రెండు అరలకీ వేరే వేరే రంగు కాగితాలు అతికించి ఉన్నాయి.

బయటికి వచ్చేటప్పుడు సిస్టర్ మా వెనకే వచ్చింది. "నేను ఇంగ్లీషు మీడియంలోనే చదివానండీ," అంది నాతో, చిన్నతల్లితో కాదు. "ఆ నంబర్లు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఆ రోజు నేను సీసా చూడనేలేదు." మా స్కూల్లో తరగతి గదుల తలుపుల మీద అవే అంకెలుంటాయి. వాటి కింద నుంచి రోజూ ఎన్నిసార్లు తిరుగుతానో, తలెత్తి చూసిన గుర్తు నాకూ లేదు.

మొన్న శనివారం చేపల కోసం నేనే చిన్నతల్లి ఇంటికి వెళ్లాను. నరసన్నపేట దగ్గర్నుంచి ఒకామె నాలుగేళ్ల కొడుకుని చంకనేసుకుని వచ్చి ఉంది. ఆ పిల్లాడికీ ఇదే జబ్బు, నంబరు ఎనిమిది. ఆసుపత్రిలో ఎవరో ఈ పల్లె పేరు చెప్పి పంపారట. చిన్నతల్లి వాకిట్లో సుద్దముక్కతో నాలుగు గీతల అంకెలు రాసి, ఒక్కోటీ చదవమంటోంది.

మూడోదాని దగ్గర ఆ పిల్లాడి తల్లి తడబడి, "ఏడు కదూ?" అని నా వైపు చూసింది.

"టీచరమ్మ ఆస్పత్రికి రాదు," అంది చిన్నతల్లి. గొంతులో కాస్త కూడా మెత్తదనం లేదు. "ఆవిడొంక సూడకు. గీతల్ని లెక్కెట్టు."

పిల్లాడు కిందికి దిగుతానని గింజుకుంటున్నాడు. ఆమె వాణ్ని ఇంకో చంకకి మార్చుకుని, నేల మీదికి వంగి, వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.